ఖాళీ గిన్నె తిరిగి పంపరాదు

సోమవారం. పడమటి గాలి, అల తక్కువ.

ఎండ బాగా కాసింది, బ్యాటరీలు నిండాయి. వాడినవి: వైపర్ మోటారు ఒకటి, సైకిలు చైను ముక్క ఒకటి. విరిగినది: నా కళ్ళజోడు కాడ, తీగతో కట్టాను. చేయవలసినది: షెడ్డు తెప్పను తేల్చే ఆనపబుర్రలు కొన్ని నీళ్ళు పీల్చి బరువెక్కాయి, మార్చాలి.

ఈ రోజు నుంచి షెడ్డు మాది, నాదీ బడి పిల్లలదీ. వానలు వెనకబట్టేదాకా వాడుకోమని ఊరిపెద్ద దానియేలుగారు అన్నారు. అసలు అది ఎండుచేపలు దాచే షెడ్డు. పిల్లల యంత్రాల వల్ల నష్టం జరిగిందని ఎవరొచ్చి చెప్పినా ఆ రోజే తాళం వేస్తానని, తరువాత ఒడ్డు నుంచి తయారు యంత్రాలే తెప్పిస్తానని కూడా అన్నారు.

ఒడ్డు యంత్రాలు నాకు తెలుసు. మూత అతికించి వస్తాయి, విప్పకూడదు. పోయినేడు వచ్చింది కొన్నాళ్ళు నీళ్ళు మోసి ఒక పొద్దున ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చూడడానికి వీల్లేదన్నారు. ఇప్పుడు బడి ముందు బల్లలా పడి ఉంది. పిల్లలు దాని మీద కూర్చుని అన్నాలు తింటారు.

నన్ను మేస్టారూ అని పిలుస్తున్నారు. ఇంకా అలవాటు కాలేదు. మునిగిన ఊళ్ళలోంచి ఈతగాళ్ళు తెచ్చే మిక్సీలు, ఫ్యాన్లు విప్పీ బిగించీ నేర్చుకున్నవాణ్ణి. పాఠం ఎలా మొదలెట్టాలో తెలియక ఒకటే అడిగాను. యంత్రం ఎలా ఉండాలో చెప్పొద్దు, ఇంట్లో ఏ పనంటే మీకు ఒళ్ళుమంటో చెప్పండి.

చాలాసేపు చెప్పారు. కొంగల్ని తోలడం, బావ చొక్కాలు ఉతకడం, చెల్లెల్ని ఆడించడం. చెల్లెల్ని ఆడించే యంత్రం ఇప్పట్లో వద్దన్నాను. చివరి వరసలో కోమలి లేచింది. వాళ్ళ మామ్మ అచ్చమ్మగారు ఏం వండినా నాలుగిళ్ళకు పంపుతారు. తెప్పకూ తెప్పకూ మధ్య ఊగే పలకల మీద గిన్నె ఒలకకుండా మోసేది కోమలి. పక్క తెప్ప మస్తానుకూ అదే బాధ. వాళ్ళమ్మ రజియా తిరుగు గిన్నె పంపేది వాడి చేతే.

ఇద్దరూ గిన్నెలు మోసే యంత్రం చేస్తామన్నారు. మంచి పని అన్నాను.

గోడ మీద బొగ్గుతో రాశాను: యంత్రానికి మనం చెప్పింది తెలుస్తుంది. చెప్పనిది తెలియదు.

గురువారం. ఉక్క.

వాడినవి: మిక్సీ మోటార్లు రెండు, పెరుగు డబ్బా, గొడుగు చువ్వలు.

కోమలి యంత్రం నడిచింది. నడిచి, పలక దాటి, నీళ్ళలో పడింది. పడినప్పుడు వచ్చిన చప్పుడే దానికి పేరయింది. బుడుంగు. మస్తాను తన దానికి జవాను అని పెట్టాడు. అది పడలేదని రెండుసార్లు గుర్తుచేశాడు. కోమలి మూడోసారి అననివ్వలేదు.

పట్టీలో ఏం చెప్పాలన్నది ఇవాళ్టి పాఠం. పట్టీ అంటే ప్లాస్టిక్ రిబ్బను. మేకుతో చిల్లులు పొడుస్తాం. యంత్రం కడుపులో ఒక తీగ ఆ చిల్లులను తడుముతూ పోతుంది. ఒక్కో వరస ఒక్కో మాట. ఏ మాటలు కావాలో పెద్దవాళ్ళనే అడిగి రమ్మన్నాను.

అచ్చమ్మగారు పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పారట. కోమలి అలాగే అప్పజెప్పింది. "గిన్నె వస్తే కాదనకూడదంట. దాంట్లోది మన గిన్నెలో ఒంపుకోవాలంట. ఆళ్ళ గిన్నె మటుకు ఖాళీగా పంపకూడదంట మేస్టారూ. ఏం లేకపోతే చిటికెడు చక్కెరైనా ఎయ్యాలంట. ఖాళీ గిన్నె పంపితే ఆ ఇల్లు ఖాళీ అయిపోద్దంట."

ఇద్దరూ అదే పొడిచారు. గిన్నె వస్తే తీసుకో. ఒంపు. మన అలమర పై అరలో ఉన్నది అందులో వెయ్యి. తెచ్చిన ఇంటికి పట్టుకెళ్ళు. పై అర ఖాళీ అయితే కింది అర చూడు అని కోమలి ఇంకో వరస చేర్చింది. చిటికెడు చక్కెర కోసం ఆ జాగ్రత్త. మస్తాను చూసి రాసుకున్నాడు.

నేనూ చదివాను. తప్పేమీ కనిపించలేదు.

ఆదివారం. ఎండ.

బుడుంగు చక్రాలకు బేరింగులు దొరకలేదు. ఆ సంగతి తరువాత.

యంత్రాలు పని మొదలుపెట్టాయి. అచ్చమ్మగారు గోంగూర పచ్చడి పంపారు. బుడుంగు ఒలకకుండా మోసింది. పలకలు లెక్కపెట్టి ఇల్లు గుర్తుపడుతుంది. జవాను పచ్చడి ఒంపుకొని గిన్నెలో రెండు బిస్కెట్లు వేసి తెచ్చి ఇచ్చింది. తెప్పల మీద జనం నిలబడి చూశారు. ఎవరో చప్పట్లు కొట్టారు. కోమలి తల వంచుకుంది గానీ చెవులు ఎర్రబడ్డాయి.

నేను కాసేపు అటే చూశాను. బాగుంది.

సోమవారం. ఈదురుగాలి.

రాత్రి గాలికి తెప్పల వరస తిరిగింది. పలకలు మళ్ళీ వేశారు. చివరన ఒంటరిగా ఉండే దానియేలుగారి తెప్ప ఇప్పుడు అచ్చమ్మగారి తెప్పకు అటుపక్కన పడింది. జవాను ఇటు, దానియేలుగారు అటు.

కోమలి చెప్పింది వినగానే నవ్వొచ్చింది. నిన్న బిస్కెట్లతో వచ్చిన గిన్నెను బుడుంగు ఒంపి, బెల్లంముక్క వేసి, మళ్ళీ జవానుకు ఇచ్చి వచ్చిందట. జవాను బెల్లం ఒంపుకొని శనగలు వేసి తెచ్చిందట. చీకటి పడేదాకా అదే పని. బ్యాటరీలు అయిపోయి రెండూ పలక మధ్యలో ఎదురుబొదురుగా ఆగిపోయాయి.

నవ్వి ఊరుకున్నాను. ఊరుకోవలసింది కాదు.

బుధవారం. ఎండ.

పిల్లలు కాపీ కొట్టడంలో గట్టివాళ్ళు. కోమలి పట్టీని అందరూ పొడుచుకున్నారు. కొంగల్ని తోలే యంత్రం కూడా ఇప్పుడు గిన్నెలు మోస్తోంది. కొంగలు హాయిగా ఉన్నాయి.

ఊరంతా గిన్నెలే. పలకల మీద మనిషి నడవాలంటే పక్కకు ఒత్తిగిలాలి. అచ్చమ్మగారి ఆవకాయ ముక్క ఒకటి ఊరంతా తిరిగి సాయంత్రానికి ఆమె ఇంటికే వచ్చింది. టెంక మీద తన కత్తి గాటు చూసి గుర్తుపట్టారు. "పుట్టింటికొచ్చిందయ్యా నాంచారయ్యా," అన్నారు నాతో. అలా అని మళ్ళీ పంపడానికి పై అరలోనే పెట్టారు.

ఒక్క సంగతి మాత్రం ఎవరూ అనుకోలేదు. బుడుంగు పలకలు లెక్కపెట్టి, తిరిగిన వరసలో తప్పు వైపు వెళ్ళి, దానియేలుగారి గుమ్మం ముందు గిన్నె చాపింది.

దానియేలుగారింటికి ఎవరూ గిన్నె పంపరు. తగవులు తీర్చేవాడికి పంపితే పక్కింటివాళ్ళు ఏమనుకుంటారోనని. ఆయనకు భార్య లేదు, పిల్లలు లేరు. తీసుకున్నారట. తిన్నారట. ఆ తరువాత చిక్కు వచ్చింది. గిన్నె పరాయిది, ఖాళీగా పంపరాదు. ఆయనకు వండడం వచ్చింది ఒకటే, ఉలవ గుగ్గిళ్ళు. అవి వేసి పంపారు. బుడుంగు ఒంపి వేరేది వేసి మళ్ళీ తెచ్చింది. ఆయన మళ్ళీ గుగ్గిళ్ళు వండారు.

ఆ గుగ్గిళ్ళు కొరకబోతే మస్తాను పన్ను ఒకటి ఊడింది. ఊడే పన్నే గనుక గొడవ కాలేదు. మిగిలినవి కోమలి బుడుంగు చక్రాలలో వేసింది. బేరింగుల కంటే బాగా తిరుగుతున్నాయి.

శుక్రవారం. మబ్బు.

యంత్రాలను ఆపుదామన్నాను. పిల్లలు ఒప్పుకోలేదు. ఆపితే నష్టం జరిగినట్టు మనమే చెప్పినట్టు కాదా అన్నాడు మస్తాను. వాడన్నదీ నిజమే. ఎక్కడ తప్పిందో కనిపెట్టి, నడుస్తుండగానే సరిచేద్దామనుకున్నాం. కనిపెట్టలేకపోయాం. పట్టీలో ఏ మాటా తప్పు కాదు.

దానియేలుగారు పలక మీద ఎదురయ్యారు. కళ్ళ కింద మసి. ఆగి, "నాంచారయ్యా, ఆ పెరుగు డబ్బా నా గుమ్మం కాడ నుంచుంటే నాకు నిద్ర పట్టటం లేదయ్యా," అన్నారు. ఫిర్యాదా అని అడగబోయి మానేశాను. అడిగితే అవుననేవారు.

శనివారం. వలల రోజు. జనమంతా చేపల వేటలో.

జరిగింది వరసగా రాస్తాను.

ఊరి ఆనపగింజలు రజియా దగ్గర ఉంటాయి. ఆ గింజలు మొలిచి కాయలు ఎండితేనే వచ్చే ఏటికి తెప్పల కింద బుర్రలు. అవి లేకపోతే తెప్పలు నీళ్ళలోకి దిగుతాయి. ఆమె వాటిని ఆరబెట్టి సీసాలో పోసి అలమర కింది అరలో పెట్టింది.

ఇళ్ళలో ఎవరూ లేరు. యంత్రాలు ఉన్నాయి. జవాను పై అర చూసింది, ఖాళీ. కింది అర చూసింది. గింజలు గిన్నెలో పోసి బుడుంగుకు ఇచ్చి వచ్చింది. బుడుంగు వాటిని పై అరలో ఒంపింది. తరువాత గిన్నెలో వేయవలసి వచ్చినప్పుడు పై అరలో ఉన్నది అవే. వాటిని దానియేలుగారికి ఇచ్చి వచ్చింది.

దానియేలుగారు ఒక్కరే ఇంట్లో, ఉలవలు అయిపోయి కూర్చుని ఉన్నారు. గింజలు చూసి సంతోషించారు. ఉప్పు, కారం చల్లి వేయించి తిన్నారు.

సాయంత్రం రజియా సీసా ఎత్తి చూసి ఊరు తిరిగింది. నేనూ కోమలీ మస్తానూ జవాను, ఆ తరువాత బుడుంగు తిరిగిన దారి వెంటే వెళ్ళి దానియేలుగారి గుమ్మం దగ్గర ఆగాం. ఆయన పెదవికి గింజ పొట్టు అంటుకుని ఉంది.

రజియా చూసింది. ఆయనా మా చూపు చూసి మూతి తుడుచుకున్నారు. ఊరి గింజలు తిన్నది ఊరిపెద్ద.

"సగమే ఏపానమ్మా," అన్నారు చివరికి. "సగం రేపటికని డబ్బాలో పోశా."

డబ్బా తెచ్చి ఇచ్చారు. రజియా కింద కూర్చుని గింజలు ఏరింది. ఈ ఏటికి సరిపోతాయంది. నా గుండె కుదుటపడింది. అంతలోనే దానియేలుగారు చొక్కా తొడుక్కుని, తాళం తీసుకుని బయలుదేరారు. షెడ్డుకు వేశారు. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నారు. శుక్రవారం ఒడ్డు పడవ వస్తుంది, తయారు యంత్రాలు తెమ్మని చెప్పేస్తానన్నారు.

యంత్రాలన్నిటి బ్యాటరీలు నేనే ఊడదీశాను. కోమలి బుడుంగును ఎత్తుకుని ఇంటికి పోయింది. ఏడవలేదు. వెనక్కి కూడా చూడలేదు.

సోమవారం. గాలి లేదు.

వాడినవి: లేవు.

షెడ్డు లేదు గనుక బడి ముందు ఒడ్డు యంత్రం మీద కూర్చున్నాం. పిల్లలు పట్టీ పట్టుకుని ఒక్కో చిల్లు చదివారు. నాకు ఏమీ తోచక అచ్చమ్మగారిని పిలుచుకు రమ్మన్నాను. ఆమె వచ్చి, పట్టీలో ఏముందో పైకి చదివించుకుని, మధ్యలో నవ్వడం మొదలుపెట్టారు.

"మన గిన్నె మనింటికొస్తే ఆగాలే పిల్లా. మళ్ళీ ఎందుకు పంపుతాం? మనదేగా."

"అది మీరు చెప్పలేదుగా మామ్మా," అంది కోమలి.

"అది కూడా చెప్పాలా?"

పిల్లలంతా ఒక్కసారి షెడ్డు వైపు చూశారు. గోడ మీద నేను రాసిన మాట లోపల ఉంది, తాళం వెనక.

మస్తాను ఒక చిక్కు చెప్పాడు. ఏ గిన్నె ఎవరిదో యంత్రానికి ఎలా తెలుస్తుంది? గిన్నెల మీద పేర్లున్నాయి గానీ అవి మావాళ్ళ పేర్లు కావు. అన్నీ కింద మునిగిన ఊళ్ళ నుంచి వచ్చినవే. అచ్చమ్మగారి గిన్నె మీద ఎవరో రంగనాయకమ్మగారి గృహప్రవేశం అని చెక్కి ఉంది. ఆమె ఎవరో ఎవరికీ తెలియదు. మాకు గిన్నె సొట్టను బట్టి గుర్తు. సొట్ట యంత్రానికి తెలియదు.

అంచు కింద ఆకురాయితో గాటు పెడదామని కోమలి అంది. ఇంటికో రకం గాటు. యంత్రం వేలు అంచు తడిమితే చాలు. తన ఇంటి గాటు తగిలితే ఒంపు, బోర్లించు, ఆగు. చివరి వరసలో మూడే మాటలు. సాయంత్రానికి అందరి పట్టీల్లోనూ పొడిచేశారు. ఈసారి కాపీ కొట్టమని నేనే చెప్పాను.

సరిచేశాం, షెడ్డు తెరవండని అడగడానికి నేనే వెళ్ళాను. దానియేలుగారు వినలేదు. పొయ్యి చల్లగా ఉంది. గుమ్మం దగ్గర, బుడుంగు నిలబడే చోట, ఒక పీట వేసి ఉంది. ఎందుకని అడగలేదు.

గురువారం. ఎండ. రేపు పడవ.

కోమలి ఉదయమే వచ్చి చెప్పింది. "ఇయ్యాల మన బడి గిన్నె పంపుదాం మేస్టారూ. మన గాటున్న గిన్నె. ఆయన తిరిగి పంపాలి గదా."

"ఏం పంపుతారు? ఇంట్లో ఏం లేదు," అన్నాను.

"అందుకే," అంది.

నేను చాలాసేపు ఆలోచించాను. ఊరి మర్యాదను ఇలా వాడుకోవడం న్యాయమా అని. మర్యాద వాళ్ళదే, నేర్పిందీ వాళ్ళ మామ్మే అనుకుని ఊరుకున్నాను.

ఏం పెట్టాలన్నదాని మీద గొడవ జరగలేదు. ఏ గిన్నెను దానియేలుగారు నున్నగా నాకి పంపేవారో కోమలికి తెలుసు. ఎండు నెత్తళ్ళ వేపుడు. అచ్చమ్మగారు వేయించి ఇచ్చారు. ఈ పూటకు బుడుంగుకు బడే ఇల్లని కోమలి పట్టీలో బడి గాటు పొడిచింది, నేను బ్యాటరీ పెట్టాను. చక్రాలలో గుగ్గిళ్ళు గరగరమన్నాయి. వెళ్ళింది.

మస్తాను డ్రమ్ము వెనక నక్కి విన్నాడు. చెప్పమన్నవారందరికీ చెప్పాడు. దానియేలుగారు గుమ్మంలోకి వచ్చి, "వచ్చావురా," అన్నారట. గిన్నె తీసుకుని పీట మీద కూర్చుని మెల్లగా తిన్నారట. గిన్నె కడిగారట. తరువాత లోపలికి వెళ్ళి డబ్బాలు ఎత్తి చూసిన చప్పుడు. బయటికి వచ్చి నడుం తడుముకున్నారట.

"ఇంట్లో ఇంకేం లేదురా," అన్నారట బుడుంగుతో. "ఇదే ఉంది."

బుడుంగు తిరిగి వస్తుంటే మేమంతా బడి పలక మీద నిలబడ్డాం. వచ్చి ఆగింది. వేలితో అంచు తడిమింది. గాటు తగిలింది.

తన ఇంటి గిన్నె. ఒంపింది.

తాళంచెవి పలక మీద పడి, ఎగిరి, సందు వైపు జారింది. ఆ సందు కింద సముద్రం. కోమలి కాలు వేసింది. బొటనవేలి కింద ఆగింది.

బుడుంగు గిన్నెను బోర్లించింది. తరువాత, పుట్టాక మొదటిసారి, ఊరికే నిలబడింది.

షెడ్డు తెరిచాం. చేయవలసినది: తాళంచెవులు ఒంపరాదని పట్టీలో ఇంకో వరస.

శుక్రవారం. పడమటి గాలి, అల తక్కువ.

వాడినవి: ఆకురాయి, గుప్పెడు ఉలవ గుగ్గిళ్ళు (బేరింగులకు).

ఒడ్డు పడవ వచ్చి వెళ్ళింది. ఉప్పు, మందులు దింపింది. తయారు యంత్రాలు తెమ్మని ఎవరూ చెప్పలేదు. బడి ముందున్న పాతది పట్టుకుపోతామన్నారు. పిల్లలు దాని మీద నుంచి లేవలేదు.

మధ్యాహ్నం దానియేలుగారు షెడ్డుకు వచ్చారు. గోడ మీద రాసింది చదివారు. తన గిన్నెకూ అంచు కింద గాటు పెట్టమన్నారు. ఏ రకం కావాలని కోమలి అడిగింది. ఎవరికీ లేనిది అన్నారు. ఆమె ఆకురాయి తీసుకుంది.

గిన్నె ఖాళీగా తేలేదు. గుగ్గిళ్ళు. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, మస్తాను నోరు మూసుకున్నాడు. నేను గిన్నె అందుకుని ఒంపుకున్నాను. ఒకటి నోట్లో వేసుకున్నాను.

సాయంత్రం వరకు నమిలాను. పళ్ళన్నీ ఉన్నాయి.